గ్యాస్ అని చెప్పమన్నాడు

దమ్మామ్‌లో నేను పనిచేసిన సర్కారు ఆసుపత్రిలో, ఎమర్జెన్సీ తలుపు పక్కన ఒక బల్ల ఉండేది. వచ్చినవాడికి ఏమైంది, ఎంత తొందర, లోపలికి పంపాలా బయట కూర్చోబెట్టాలా అని తేల్చేది అక్కడే. చాలా ఏళ్ళు ఆ బల్ల నాది. పశ్చిమ గోదావరి నుంచి నర్సుగా వెళ్ళినదాన్ని, కాస్త నోరున్నదాన్ని. నా అరబ్బీ అంతంతమాత్రమే అయినా ఎవరికీ జంకేదాన్ని కాదు. పొడుగు తెల్ల చొక్కాల పెద్దమనుషులు నా కేకకి వరసలో నిలబడేవాళ్ళంటే నమ్మండి.

అక్కడ వైద్యం ఎలా నడుస్తుందో ముందు చెప్పేస్తాను. సౌదీవాళ్ళకి సర్కారు వైద్యంలో బిల్లన్నదే ఉండదు. ప్రతి పేటకీ ఒక చిన్న ఆరోగ్య కేంద్రం, అందులో ఇంటిల్లిపాదికీ కలిపి ఒక ఫైలు. జ్వరమొచ్చినా, కడుపుతో ఉన్నా ముందు అక్కడికే వెళ్ళాలి. వాళ్ళ చేతిలో లేని జబ్బయితే చీటీ రాసి మా దగ్గరికి పంపుతారు. చీటీ లేకుండా ఎంతటివాడొచ్చినా వెనక్కి పంపేదాన్ని. తిట్టుకుంటూ పోయేవాడు, మర్నాడు చీటీతో వచ్చేవాడు. ఇక బయటిదేశంవాళ్ళ సంగతి వేరు. నాది సర్కారు కొలువు కాబట్టి నాకూ ఫైలుండేది. కంపెనీ మనుషుల వైద్యం మాత్రం కంపెనీయే చూసుకోవాలి. ఇన్సూరెన్సు తప్పనిసరి అన్న చట్టం అప్పుడప్పుడే అమల్లోకి వస్తోంది. పెద్ద కంపెనీలు కార్డులిచ్చాయి, చిన్నవాటిల్లో క్యాంపు డిస్పెన్సరీయే గతి.

కానీ ప్రాణం మీదికొస్తే ఈ తేడాలేవీ లేవు. ముందు వైద్యం, కాగితాలన్నీ తర్వాత. కౌంటర్లో డబ్బు కడితే తప్ప స్ట్రెచర్ కదలని ఆసుపత్రుల్లో పనిచేసి వెళ్ళినదాన్ని నేను. ఆ ఒక్క పద్ధతి చూసి ఆ దేశానికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

అయితే రోగి నిజం చెప్పాలి కదా! మనవాళ్ళు చస్తే చెప్పరు. గుండె పట్టేసినా, చెయ్యి లాగినా, కళ్ళు తిరిగి పడినా మనవాడి నోట ఒకటే మాట, గ్యాస్.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం, గోడౌన్ల కంపెనీ వ్యాను వచ్చి ఆగింది. పాకిస్తానీ డ్రైవరు ఒక మనిషిని భుజం కింద చెయ్యేసి నడిపించుకొచ్చాడు. పని దగ్గర పడిపోయాడని నాతో హిందీలో చెప్పాడు. నలభై దాటిన మనిషి, మాట వింటే కరీంనగర్ వైపు. మొహం బూడిదలా ఉంది.

"గ్యాసక్కా," అన్నాడు నేను అడక్కముందే. "పొద్దుగాల పూరీలు తిన్న, గంతే. ఒక గోలీ ఇయ్యి, పోత."

"ఇంత ఏసీలో ఆ చెమటేంటయ్యా?"

"ఎండలకెల్లి అచ్చిన గద."

"ఎడం చెయ్యి ఎందుకు పిసుక్కుంటున్నావు?"

"పెట్టెలు మోసిన."

అడిగినదానికల్లా జవాబు సిద్ధం. నాకు ఒళ్ళు మండింది. ఈలోగా సూడాన్ డాక్టరు వచ్చి, ఏమంటున్నాడు ఈయన అని నన్నడిగాడు. ఆ మనిషి బల్ల అంచు పట్టుకుని ముందుకి వంగాడు.

"నీ కాల్మొక్త అక్కా, గ్యాస్ అని చెప్పు. గుండె అని రాస్తే మా కఫీలు ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపుతడు. మా రూముల ఒకనికి గట్లనే జేసిండు. ఊర్ల ఇల్లు స్లాబు దాంక అచ్చింది. గిప్పుడు పోతే ఆడనే ఆగుతది."

కఫీలంటే వీసా ఇచ్చిన యజమాని. ఉంచినా అతనే, పంపినా అతనే. నేను గ్యాస్ అంటే ఈయన్ని బయట కుర్చీలో కూర్చోబెడతారు, డ్రైవరు క్యాంపు డిస్పెన్సరీకి తీసుకుపోతాడు. ఆయన కోరుకున్నదీ అదే.

నేను డాక్టరుకి అరబ్బీలో చెప్పాను. గుండెల్లో నొప్పి, ఎడం చేతికి పాకుతోంది, చెమటలు, పనిలో పడిపోయాడు. అందులో నొప్పన్న మాట ఆయన నోట రానే లేదు. రానీ రాకపోనీ, ఆ మొహం నాకు చెప్పింది. గల్బ్ అంటే గుండె అని గల్ఫ్‌లో పనిచేసే ప్రతివాడికీ తెలుసు. ఆ మాట వినగానే ఆయన కళ్ళు వాలిపోయాయి.

"ముంచినవ్ గదక్కా," అన్నాడు.

ఈసీజీ చూసి డాక్టరు పరుగెత్తాడు. పైకి తీసుకెళ్తుంటే లిఫ్టు దగ్గరే గుండె ఆగిపోయింది. షాకిస్తే మళ్ళీ అందుకుంది. అదే వ్యానులో ఆగి ఉంటే?

బతికాడు. ఆసుపత్రివాళ్ళు ఆయన్ని ఒక్క రియాలు అడగలేదు. కంపెనీ మనిషి మాత్రం వచ్చి, ఇక బరువులు మోయలేడు కాబట్టి ఎగ్జిట్ అని చెప్పి చక్కా పోబోయాడు. తేలిక పని ఏదైనా ఇవ్వలేరా, ఇన్నాళ్ళూ మోయించుకున్నారు కదా అని వార్డు గుమ్మంలోనే అతన్ని కడిగి పారేశాను. నర్సువి, నర్సు పని చూసుకో అన్నాడు. ప్రాణం నిలబెట్టడానికి అక్కడ ఇంత పెద్ద ఏర్పాటు ఉంది, ఆ ప్రాణం కొలువు నిలబెట్టడానికి చిన్న కిటికీ కూడా లేదు. ఏం చేస్తాను!

చూడ్డానికి వెళ్ళిన ప్రతిసారీ ఆయన గోడ వైపు తిరిగి పడుకునేవాడు. వెళ్ళిపోయే రోజు మందుల సంచీ పట్టుకుని నా బల్ల ముందునుంచే నడిచాడు, తల తిప్పలేదు. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఆ రెండూ కలిపి సాయంత్రం హాస్టల్లో నా రూమ్మేటు మీద చూపించాను. అయినా నేను చెప్పింది తప్పని ఒక్కనాడూ అనుకోలేదు. మళ్ళీ వచ్చినా అదే చెప్పేదాన్ని.

చలికాలం మొదలయ్యాక మళ్ళీ అదే వ్యాను, అదే డ్రైవరు. ఈసారి ఇంకో మనిషి, అదే కంపెనీ చొక్కా. రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని బల్ల దాకా వచ్చాడు.

"గ్యాస్ కాదక్కా," అన్నాడు. "మా రూమాయన ఊరికెల్లి ఫోన్ జేసిండు. నొప్పి లేస్తే ఆ బల్లకాడి అక్క దగ్గర్కే పో, గ్యాస్ అని మాత్రం అనకు అన్నడు."

నేను అప్పటికే స్ట్రెచర్ లాగుతున్నాను. "ఎగ్జిట్ సంగతి తెలుసుగా?" అన్నాను.

"తెల్సక్కా. అది గూడ ఆయనే చెప్పిండు," అని స్ట్రెచర్ మీద పడుకుని, తనే చొక్కా గుండీలు విప్పుకున్నాడు.