మూడిళ్ల నియమం

వీధి చివర పల్లంలో ఉన్న ఇంట్లో టైలరమ్మ బట్టలు కుడుతుంది. డ్రైనేజీ పొంగిందంటే మురుగంతా ఆమె గడప దాటి సరాసరి మిషను కిందికే వస్తుంది. ఊళ్లోవాళ్ల కొత్త బట్టలన్నీ మంచమెక్కించి, ఆమె మాత్రం ఆ కంపులోనే కాళ్లు పెట్టుకుని మిషను తొక్కుతుంది.

కాలనీ సంఘానికో నియమం ఉంది. మూడిళ్లవాళ్లు మొరపెట్టుకుంటేనే అది కాలనీ సమస్య. అప్పుడే మున్సిపాలిటీకి వెళ్తారు.

"నీ ఒక్క ఇంటికోసం వెళ్తే రేపు మన మాట ఎవడు వింటాడమ్మా? కాస్త సర్దుకో" అనేవాడు ప్రెసిడెంటు. ప్రతి మీటింగులోనూ అదే పాట. పక్కింటి వదిన ఆ కాసేపూ నేల చూపులు చూసేది.

ఈ వానాకాలం టైలరమ్మకు ఒళ్లు మండిపోయింది. మేస్త్రీని పిలిచి గడప ముందు మోకాలెత్తు గోడ కట్టించింది. మొదటి వానకే మురుగు ఆ గోడకు కొట్టుకుని వెనక్కి తన్నింది. ఒక పాయ వదిన వంటింట్లోకి, ఇంకో పాయ ఎదురుగా ప్రెసిడెంటు హాల్లోకి దూరాయి.

ప్రెసిడెంటు ప్యాంటు మడుచుకుని వచ్చి చిందులు తొక్కాడు. "బుద్ధుందా నీకు? ఇళ్లు ముంచేస్తావా?"

"ఇన్నాళ్లూ నేను పన్నీట్లో కూర్చున్నానా? వెళ్లండి మున్సిపాలిటీకి!"

"వెళ్తాం, ఇప్పుడే వెళ్తాం. ముందు నువ్వా గోడ తీయించు."

టైలరమ్మ మిషను ఆపి అతని కళ్లలోకి చూసింది.

"తీయిస్తే మళ్లీ ఒక్క ఇల్లే మిగులుతుంది, ప్రెసిడెంటు గారూ."