నెత్తురు నిలిచిన రోజు

చిన్నసుబ్బయ్య పొద్దున్నే దొడ్డి తడిక తీసి, కర్ర కొనతో గొర్రెల పెంటికలు తిరగేస్తాడు. గుండ్రంగా ఉంటే గొర్రె బాగున్నట్టు. పలచబడితే గొట్టంతో మందు పోస్తాడు. గట్టిపడిన రోజున ఆపేస్తాడు. రాజుపాలెం దగ్గర వాళ్ల ఇంట్లో తాతల నాటి నుంచీ ఇదే పద్ధతి. బాగున్న గొర్రెకు మందు పోయడం వాళ్లలో తప్పు.

గొర్రెది చూడటానికి అతనికి రోత లేదు. తనది చూసుకోవడమే రోత. రెండేళ్ల క్రితం అందులో నెత్తురు కనిపించింది.

మొలలన్నారు. వేడన్నారు. చివరికి ప్రొద్దుటూరులో ఒక డాక్టరు కెమెరా గొట్టం పెట్టి చూసి, పెద్దపేగులో పుండ్లని మాత్రలు రాశాడు. ఏం తినాలని అడిగితే కారం తగ్గించమన్నాడు. ఎన్నాళ్లు మింగాలో అడిగేలోపు తర్వాతి రోగి లోపలికొచ్చి నిలబడ్డాడు.

కొన్నాళ్లకు నెత్తురు నిలిచింది. చిన్నసుబ్బయ్య మాత్రలు ఆపేశాడు.

ఎండాకాలంలో మళ్లీ మొదలైంది, ముందుకన్నా ఎక్కువగా. మంద వెనక నడుస్తూ ఉంటే, చాటు దొరికేలోపే పంచె తడిసేది. కంపచెట్ల వెనక కూర్చుని తన వాసనకు తానే ముక్కు మూసుకునేవాడు. ఎవరో కూట్లో పెట్టుడు మందు కలిపారని బావమరిది అతన్ని పులివెందుల వైపు ఒక పల్లెకు తీసుకుపోయాడు. అక్కడి మనిషి పసరు తాగించి, కక్కినదాన్ని వేళ్లతో కెలికి, వెంట్రుక తీసి చూపించాడు. ఆ వెంట్రుక వాడి గోరు సందులోంచి రావడం చిన్నసుబ్బయ్య చూశాడు.

మళ్లీ ప్రొద్దుటూరుకే పోయాడు. డాక్టరు పాత చీటీ చూసి, ఎవరు ఆపమన్నారని కసిరాడు.

"రగతం నిలిచింది సార్. నిలిచినాక గొర్రెకు గూడా పోయం."

"గొర్రెవా నువ్వు?" డాక్టరు నవ్వాడు.

"ఆపగూడదని మీరు యాడ చెప్పినారు సార్?"

డాక్టరు చీటీ రాస్తూ, తల ఎత్తకుండానే చెప్పాడు. "ఇది మొత్తంగా పోయే జబ్బు కాదు. అణిగి ఉంటాది. బాగున్నా మింగాల."

అంతే. ఆ మాట చెప్పడానికి గుక్కెడు నీళ్లు తాగేంత సేపు పట్టలేదు. చిన్నసుబ్బయ్య బయటికొచ్చి గోడ మొదట్లో ఉమ్మేశాడు.

మాత్రలు మళ్లీ మొదలుపెట్టాక, వానలు పడేసరికి నెత్తురు నిలిచింది. ఆ సాయంత్రం భార్య ఈశ్వరమ్మకు చెప్పాడు.

"నిలిచింది గదా. ఇంగేంటికి మింగేది? ఒళ్లు వేడి చేస్తాది," అందామె.

"నేను గొర్రెను గాదంటలే," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే దొడ్డిలో పెంటికలు తిరగేశాడు. అన్నీ గుండ్రంగా ఉన్నాయి. కర్ర కొన గడ్డికి తుడిచి, తడికకు ఆనించి, మాత్ర మింగాడు.