టోపీ దొరకు తల యాడ?

ఆంధ్రప్రదేశ్ అప్పుడే ఏర్పడిన ఆ రోజుల్లో రాష్ట్రానిదీ నాదీ ఒకటే పరిస్థితి: ఇద్దరం కొత్త, ఇద్దరికీ పెత్తనం చేయాలని తొందర. పాలిటెక్నిక్ నుంచి బయటపడగానే జమ్మలమడుగు–ప్రొద్దుటూరు దారిలో ఒక కల్వర్టు పనికి సూపర్‌వైజరునయ్యాను. నాయకుడికి కావలసినవి మూడని తేల్చుకున్నాను: గట్టి గొంతు, బిగిసిన వెన్ను, నవ్వని ముఖం. (మూడోది అద్దం ముందు సాధన చేస్తుంటే, పంటినొప్పేమోనని మా అత్త లవంగం ఇచ్చింది.)

కల్వర్టు మీద బండలు పరచాలి. బండకు తాళ్లు కట్టి, వాసాలు భుజాన వేసుకుని అందరూ ఒక్కసారిగా లేపాలి. కూలీల్లో ఒకాయన్ని గొంతు మామ అనేవారు. ఆయన ఒక మాట విసిరితే మిగిలినవాళ్లు ‘ఐలేసా’ అని లేపడం అక్కడి పద్ధతి. ఆ మాటలన్నీ ఎదుట కనబడినవాళ్ల మీద ఎగతాళే. ఇదేం క్రమశిక్షణ అని పాట మాన్పించి, నేనే “వన్, టూ, త్రీ” అన్నాను. సగం మంది టూ దగ్గర లేపారు, సగం మంది త్రీ అయిపోయాక. బండ ఒకవైపు ఒరిగి మళ్లీ పడుకుంది.

“సారూ, నీ త్రీ యాడ మొదలైతాదో యాడ అయిపోతాదో మాకు తెలీలేదప్పా. రోంతసేపు గమ్మునుండు,” అని గొంతు మామ అందుకున్నాడు.

“కొత్త సారుకు మీసం రాలే!”

“ఐలేసా!”

“అరుపు మాత్రం ముందే వచ్చె!”

“ఐలేసా!”

బండ లేచింది. నాకు కోపం రావలసింది, రాలేదు. నన్ను ఎగతాళి చేసిన గొంతే అంతమంది అడుగుల్ని ఒకటి చేస్తోంది. బండను లేపింది నా బిగిసిన వెన్ను కాదు, వాళ్ల నవ్వు.

ఆఖరి బండ భుజాలకెక్కిన సమయానికి మా పై అధికారి జీపు దిగాడు. ఆఫీసు గదిలో కూడా టోపీ తీయడు కాబట్టి అందరికీ ఆయన టోపీ దొర. గొంతు మామ ఊరుకుంటాడా?

“టోపీ దొరకు తల యాడ?”

“ఆపండా కూతలు!” అని దొర కేకేశాడు. “వీణ్ణి ఇప్పుడే పనిలోంచి తీసెయ్యవయ్యా!”

పాట ఆగింది. బండ దారి మధ్యలో గాల్లో ఆగింది. వాసాలు కిర్రుమన్నాయి, మోకాళ్లు వణికాయి. గొంతు మామ నోరు తెరిస్తే పని పోతుంది, తెరవకపోతే ఎవరి కాలో పోతుంది. ఆయన నావైపు చూశాడు.

నాకు పాట రాదు. (ఇంట్లో భజనప్పుడు కూడా నా చేతికి గంట ఇచ్చి నోరు మూసుకోమనేవారు.) అయినా దొర కళ్లలోకి చూస్తూ గొంతెత్తాను.

“టోపీ దొరకు తల యాడ?”

“ఐలేసా!”

“టోపీ కిందే వెతకండప్పా!”

“ఐలేసా!”

బండ వెళ్లి కుదురుగా కూర్చుంది.

“నువ్వు కూడానా!” అన్నాడు దొర.

“ఆ పాట లేకపోతే బండ లేవదు సార్. పాడినందుకు తీసెయ్యాలంటే ముందు నన్ను తీసెయ్యండి,” అన్నాను.

క్షమాపణ రాసిమ్మన్నారు. రాయలేదు, ఇప్పుడడిగినా రాయను. గొంతు మామ పని నిలిచింది, నన్ను పులివెందులకు బదిలీ చేశారు. “పో సారూ, ఆడ కూడా బండలుంటాయిలే,” అని ఆయనే బస్సెక్కించాడు.

చాలా ఏళ్లకు జీపూ టోపీ నాకూ వచ్చాయి. ఒకచోట నేను దిగగానే కూలీల పాట ఆగిపోయింది. అన్నీ నవ్వని ముఖాలే. మనసు చివుక్కుమంది. టోపీ తీసి చేత్తో పట్టుకుని, “తల ఈడే ఉందప్పా, పాడండి,” అన్నాను.

ముఖముఖాలు చూసుకుని పాడారు. నా తల మీద కాదు, నా పొట్ట మీద.