సముద్రం లేని ఫొటోలు

ఉప్పాడ తీరంలో నేను తీసిన పక్షుల ఫొటోలు మెచ్చుకున్నవాళ్లకు, తిరుగు ప్రయాణంలో భద్రాచలంలో ఎక్కిన బస్సులో కలిసిన ఒక పెద్దామె గురించి కూడా చెబుతుంటాను. ఆమె ఫొటోలు చూపించమని అడిగేసరికి కెమెరా బ్యాటరీ అయిపోయిందని అంటుంటాను. అది నిజం కాదు.

ఆమె నా పక్క సీట్లో కూర్చుంది. నా ఒళ్లో ఉన్న పొడవాటి లెన్స్ చూసి, "ఏంది బిడ్డా, తుపాకా?" అని నవ్వింది. ఉప్పాడ నుంచి వస్తున్నానని చెప్పగానే ఆ నవ్వు పోయింది.

"నా బిడ్డను గాడనే ఇచ్చినం. తుఫానంటే నాకు నిద్ర పట్టదు. సముద్రం ఇండ్లకు ఎంత దగ్గరుంటదో జర చూపియ్యి."

కెమెరాలో ఒక్కో ఫొటో జరిపాను. కొంగ కన్ను, పీత కాలు, ఉల్లంకి పిట్ట రెక్క. వాటి వెనక సముద్రాన్ని నేనే కావాలని మసక చేశాను. ఎంత వెతికినా ఒక్క అల లేదు, ఒక్క ఇల్లు లేదు. సిగ్గేసి, "బ్యాటరీ అయిపోయిందమ్మా" అనేశాను. స్క్రీన్ ఇంకా వెలుగుతూనే ఉంది.

ఆమె అది చూసింది. కిటికీలోంచి ఎండ పడుతున్న కెమెరా మీద తన కొంగు కప్పి, "పండుకోనియ్ పాపం, చాన దూరంకెల్లి వచ్చింది" అంది. జూలూరుపాడులో దిగిపోయింది.

తర్వాత మళ్లీ ఉప్పాడ వెళ్లి, చిన్న లెన్స్‌తో ఇళ్లూ సముద్రమూ కలిపి ఒక ఫొటో తీశాను. ఆ ప్రింటు ఇప్పటికీ నా బ్యాగులోనే ఉంది. అందులో అలలు ఇళ్ల గోడలను తాకుతున్నాయి. బస్సు జూలూరుపాడు చేరినప్పుడల్లా కిటికీలోంచి ఆమె కోసం వెతుకుతాను, కనిపిస్తే ఏం చెప్పాలో తెలియకుండానే.