జిప్పులమ్మకి జరిగిన సాధికారత

బస్టాండులో పై అంతస్తుకి వెళ్ళే మెట్ల కింద, మనిషి నిలబడితే నెత్తి బొప్పి కట్టేంత ఎత్తున్న మూలలో, ఆవిడ పద్దెనిమిదేళ్ళుగా జిప్పులు బాగుచేస్తోంది. సూట్‌కేసులు, బడి సంచులు, ఆడవాళ్ళ హ్యాండ్‌బ్యాగులు, అప్పుడప్పుడూ బస్సెక్కబోతూ పరువు పోగొట్టుకున్న పెద్దమనుషుల ప్యాంట్లు. ఓ పట్టుకారు, రెండు సూదులు, మైనం పట్టించిన దారం, జిగురు సీసా, బిగుసుకుపోయిన జిప్పుకి రుద్దడానికి కొవ్వొత్తి ముక్క, జిప్పుని లాగే రకరకాల రన్నర్లున్న ఒక రేకు డబ్బా. ఇంతే ఆవిడ సరంజామా. అందరూ జిప్పులమ్మ అనేవాళ్ళు. అసలు పేరు అడిగినవాడు లేడు.

ఆవిడ భర్తని మాత్రం ఊరంతా మేనేజరు గారనేది. ఎప్పుడో పాతికేళ్ళ కిందట ఒక గోడౌన్‌లో, మేనేజరు కాలు విరిగి మంచాన పడితే, ఆ మూడు నెలలూ ఆయన కుర్చీలో ఇతను కూర్చున్నాడు. మేనేజరు కాలు అతుక్కుంది. కుర్చీ పోయింది. కానీ ఆ మూడు నెలల హోదా ఇతని వెన్నులో ఇనుప కడ్డీలా దిగబడిపోయి, తర్వాత ఏ పనికీ నడుం వంగలేదు. ఎవరైనా పనుందంటే "నా స్థాయికి తగింది చూడండి" అనేవాడు. ఆ స్థాయి ఎంతో కొలవగలిగినవాడు ఇప్పటిదాకా పుట్టలేదు. ఈలోగా ఇల్లు జిప్పుల మీద నడిచింది.

అలాంటి కాపురంలోకి ఒకరోజు సాధికారత వచ్చింది. మెడలో కార్డు, చేతిలో ట్యాబు, మొహం నిండా జాలి వేసుకుని, డబ్బు చెల్లింపుల కంపెనీ నుంచి ఒక మేడమ్ మెట్ల కిందికి వంగింది. నెత్తి ఠంగుమని తగిలింది. అయినా నవ్వు చెదరలేదు.

"అమ్మా! ఇకనుంచి మీ ఆదాయం మీ వేలికొసల మీద!"

జిప్పులమ్మ తన వేలికొసలు చూసుకుంది. వాటి మీద జిగురు అంటుకుని ఉంది.

"మీకు స్మార్ట్‌ఫోన్ ఉందా?"

"మా ఆయన దగ్గరుంది."

"బ్యాంకు ఖాతా?"

"అదీ ఆయనదే."

మేడమ్ గడియారం చూసుకుంది. ఆ రోజు ఇంకా పదకొండుమంది ఆడవాళ్ళని స్వతంత్రులని చెయ్యాల్సి ఉంది. "పర్లేదు, ఆయన నంబరే పెట్టేద్దాం. ఫ్యామిలీయే కదా!" అంది. ట్యాబులో 'మహిళా లబ్ధిదారు' అన్నచోట టిక్కు పెట్టింది. ఒక స్కానరు బోర్డు నిలబెట్టి, పక్కన మాట్లాడే డబ్బా ఒకటి పెట్టి, జిప్పులమ్మ చేత పట్టుకారు పైకెత్తించి ఫోటో తీసుకుని వెళ్ళిపోయింది. నెల తిరక్కుండా ఆ ఫోటో బస్టాండు గోడ మీద నిలువెత్తున వెలిసింది. కింద పెద్ద అక్షరాలతో 'నా సంపాదన, నా చేతిలో'.

నిజానికి ఆవిడ సంపాదన ఆవిడ చేతిలో ఉన్నది అంతకు ముందే. చిల్లరో నోటో, చీర కొంగున ముడేసుకున్నది ముడేసుకున్నట్టు ఇంటికి తెచ్చేది. అందులో సగం మేనేజరుకి చూపించేది. మిగిలిన సగంతోనే బియ్యం, కరెంటు, కూతురి చదువు, పెళ్ళి అన్నీ గట్టెక్కాయి. ఇప్పుడు జనం చిల్లర తీయడం మానేసి ఫోన్లు తీశారు. డబ్బా ఇక్కడ "నలభై వచ్చాయి" అని అరవడం, అదే క్షణంలో ఇంట్లో మంచం మీద పడుకున్న మేనేజరు ఫోను టింగుమనడం.

పాతికేళ్ళ తర్వాత అతనికి స్థాయికి తగిన పని దొరికింది. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఫోను ముందు పెట్టుకుని కూర్చునేవాడు. గంట గంటకీ ఫోను చేసేవాడు. ఆవిడ దగ్గరున్నది బొత్తాల ఫోను, దానికే.

"పదకొండుకీ పన్నెండుకీ మధ్య ఒక్కటే వచ్చింది. ఏం చేస్తున్నావే?"

"జిప్పు కుడుతున్నానండీ. పెద్ద సూట్‌కేసు."

"పెద్దదైతే ఎక్కువ తీసుకోవాలి. నలభై ఏంటి? అందుకే మీ ఆడాళ్ళకి వ్యాపారం తెలీదనేది."

ఒకసారి బాత్రూముకి వెళ్ళొచ్చేసరికి మూడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. సంజాయిషీ అడిగాడు. ఆవిడ చెప్పింది. "రోజూ అదే టైమా?" అన్నాడు, పుస్తకంలో రాసుకుంటూ. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. అయినా నోరు మెదపలేదు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో నోరు మెదపకపోవడం ఆవిడకి కుట్టుపని కంటే బాగా అలవాటైంది. ఇందులో ఆవిడ తప్పు లేదని చెప్పడానికి లేదు.

కంపెనీ వాళ్ళు హోటల్ హాల్లో సాధికారత సభ పెట్టారు. మేనేజరు ఆ సభ కోసం కోటు కుట్టించుకున్నాడు. వేదిక మీద నుంచి మైకు పట్టుకుని, "నేను నా భార్యకి స్వేచ్ఛ ఇచ్చాను. ప్రతి మగవాడూ ఇవ్వాలి" అన్నాడు. హాలంతా చప్పట్లు. మేడమ్ కళ్ళు తుడుచుకుంది. జిప్పులమ్మ రెండో వరసలో పూలగుత్తి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కోటు జేబు దగ్గర కుట్టు వంకరగా పోయింది, దర్జీ ఎవడో మోసం చేశాడు అనుకుంది. ఇచ్చిన స్వేచ్ఛ ఎక్కడ పెట్టాడో మాత్రం ఆవిడకి అంతుపట్టలేదు.

ఆ వారంలోనే కూతురికి అయిదో నెల స్కానింగు పడింది. డబ్బు పంపమని జిప్పులమ్మ అడిగితే మేనేజరు, "చూద్దాంలే. ఇప్పుడు లిక్విడిటీ లేదు" అన్నాడు. ఆ మాట సభలో నేర్చుకున్నది. కోటు మాత్రం వంకెకి వేలాడుతోంది.

రెండు రోజులు పోయాక వియ్యపురాలు మెట్ల కిందికి వచ్చింది. ఆవిడ అదే బస్టాండులో సామాన్లు భద్రపరిచే గదిలో పని చేస్తుంది. మొగుడు పోయి పన్నెండేళ్ళయింది. భుజాలు మగాడి భుజాలు, నాలుక కత్తెర. పెళ్ళినాటి నుంచీ ఇద్దరికీ పడదు. పెళ్ళిలో కుర్చీలు చాలలేదన్న విషయం మీద ఇప్పటికీ పుల్లవిరుపు మాటలు నడుస్తున్నాయి.

"వదినా, స్కానింగు నేను చేయించాన్లే. బిడ్డ బాగానే ఉంది" అంది మెట్ల బయటే నిలబడి. "నువ్వు గోడెక్కి సంపాదన నా చేతిలో అంటున్నావు కదా, ఏదీ, ఆ చెయ్యి ఓసారి చూపించు!"

జిప్పులమ్మ తలెత్తలేదు. నోట్లో పెట్టుకున్న దారం కొరికి, "అంతా ఆయన ఫోన్లోకి పోతుంది వదినా" అంది. ఆ తర్వాత ఏడుపొచ్చింది. ఏడుస్తూనే రన్నరు ఎక్కించింది. బ్యాగు తెచ్చినవాడి బస్సు బయల్దేరిపోతోంది మరి.

వియ్యపురాలు బ్యాగు యజమాని వెళ్ళేదాకా ఆగి, పక్కనున్న చెక్కపెట్టె మీద కూర్చుంది. "నా కోడలి కోసం చెప్తున్నా, నీ మీద ప్రేమతో కాదు. రేపు పదింటికి రా. నీ గుర్తింపు కార్డు పట్టుకురా. ఆయన్ని మాత్రం పట్టుకురాకు."

మర్నాడు బ్యాంకులో గుమాస్తా కళ్ళజోడు పైనుంచి చూసి, "ఆయన రాలేదా?" అన్నాడు.

"ఏ ఆయన?" అంది వియ్యపురాలు.

"ఈవిడ భర్త."

"నీ ఖాతా తెరిచిన రోజున మీ ఆవిడొచ్చిందా నాయనా?"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. గుమాస్తా కాగితాలు ఇటు తోశాడు. ముప్పావుగంటలో పని అయిపోయింది. పద్దెనిమిదేళ్ళ సంపాదనలో ఆవిడ పేరు మొదటిసారి ఒక కాగితం మీద పూర్తిగా అచ్చయింది. రన్నర్ల డబ్బా అడుగున మిగిలిన కొద్ది నోట్లకి వియ్యపురాలు ఇంకొన్ని అప్పుగా కలిపితే ఒక ఫోను కొన్నారు. కంపెనీ మేడమ్ సభలో మూడు గంటలపాటు తెర మీద బొమ్మలేసి నేర్పలేకపోయినదాన్ని వియ్యపురాలు రెండు బస్సుల మధ్య నేర్పేసింది. "ఇక్కడ నొక్కు. ఇది నీ రహస్యం నంబరు. నాక్కూడా చెప్పకు. నేను మంచిదాన్ని కాదు." రెండు రన్నర్ల సూట్‌కేసు జిప్పు కంటే ఇది తేలిక అనిపించింది జిప్పులమ్మకి. అమ్మో అమ్మో అని ఇన్నాళ్ళూ భయపెట్టింది ఇందుకా!

తన కొత్త ఖాతా స్కానరు కాగితం అచ్చేయించి, కంపెనీ బోర్డు మీదే, పాతదాని నెత్తిన, జిగురు రాసి అంటించింది. జిగురు పనిలో ఆవిడకి తిరుగులేదు.

డబ్బాకి మాట పడిపోయింది. ఇంట్లో ఫోను కూడా ఉలుకూ పలుకూ లేకుండా పడుంది. సాయంత్రం మేనేజరు గుమ్మంలోనే నిలదీశాడు.

"ఇవాళ ఒక్కటీ రాలేదేంటి?"

"డబ్బా పలకలేదండీ."

అబద్ధం చెప్పే అవసరం కూడా రాలేదు. అతనే కనుబొమలు ముడేసి, "సర్వర్ డౌన్ అయ్యుంటుంది" అని తేల్చేశాడు. తెలివైనవాడికి ఇంకొకరు కారణం చెప్పాలా?

అక్కణ్నుంచి పదకొండు రోజులు మేనేజరు కంపెనీ హెల్ప్‌లైనుతో పోరాడాడు. ఫోను చెవికి ఆనించి, అవతల నుంచి వచ్చే పాటకి కాలు ఆడిస్తూ, గంటలకి గంటలు. వీధిలో వాళ్ళకి సర్వర్ల గురించి ఉపన్యాసాలిచ్చాడు. "వ్యవస్థ మొత్తం కుళ్ళిపోయింది. పైవాళ్ళకి రాశాను" అన్నాడు. బస్టాండు ఇంటికి పన్నెండు నిమిషాల నడక. ఒక్కసారి వెళ్ళి బోర్డు వంక చూస్తే కథ తేలిపోయేది. కానీ మేనేజరు మెట్ల కిందికి వంగుతాడా? ఆ పదకొండు రోజులూ పూటకి రెండు కూరలతో భోంచేశాడు. పైసా రాకుండా కూర ఎక్కణ్నుంచి వచ్చిందే అని అడగలేదు. అన్నం దానంతటదే వస్తుందని ఆయన నమ్మకం.

పన్నెండో రోజు మేడమ్ వచ్చింది, ఈసారి తల వంచి జాగ్రత్తగా. "అమ్మా, మా రికార్డులో మీరు ఇనాక్టివ్ అయ్యారు. ఏమైంది? ఇంట్లో ఏమైనా ఒత్తిడా?" అంటూ బోర్డు చూసింది. కాగితం అంచు గోటితో గీకి చూసింది. మొహం చిన్నబోయింది.

"ఇది మా స్కానరు కాదే!"

"నాదండీ" అంది జిప్పులమ్మ.

"కానీ అమ్మా, మీరు ఇలా చేస్తే మా పథకంలో మిమ్మల్ని మధ్యలో మానేసిన మహిళగా చూపించాలి. మీ సాధికారత ఆగిపోయినట్టు లెక్క."

"చూపించండి మేడమ్."

"మా టార్గెట్..."

"మీకు తల తగుల్తుంది, చూసుకుని వెళ్ళండి."

మేడమ్ డబ్బా పట్టుకుపోయింది. మూడో రోజున గోడ మీది ఫోటో చింపేసి, పళ్ళమ్మే ఇంకొకామె ఫోటో అంటించారు. ఆ పళ్ళావిడ ఫోను ఎవరి దగ్గరుందో ఆ సభల్లో చప్పట్లు కొట్టేవాళ్ళెవరూ అడిగి ఉండరు.

డబ్బా పోయిన రోజునే, మేడమ్ ఫోను చేసి చెప్పగానే మేనేజరు ఆఘమేఘాల మీద వచ్చాడు. కోటు వేసుకునే వచ్చాడు. పద్దెనిమిదేళ్ళలో ఆ మెట్ల దగ్గరికి రావడం అదే మొదటిసారి. ఎక్కడో తెలీక వేరుశనక్కాయలావిడని దారి అడిగాడు కూడా.

"నాకు తెలీకుండా ఖాతానా? నా పరువేం కావాలే? పదకొండు రోజులు నన్ను పిచ్చోణ్ని చేశావు!"

ఆవిడ నోట్లో రన్నరు ఉంది. తీసి అరచేతిలో పెట్టుకుంది. "నేనేం చెయ్యలేదండీ. సర్వర్ అన్నది మీరే."

ప్రయాణికులు ఇద్దరు ముగ్గురు ఆగారు. సామాన్ల గది కిటికీలోంచి వియ్యపురాలి తల బయటికొచ్చింది.

"నేనేమైపోవాలి ఇప్పుడు?" అన్నాడు, గొంతు తగ్గించి.

"అది మీరే మేనేజ్ చేసుకోండి" అంది జిప్పులమ్మ. వెటకారానికి అన్న మాట కాదు. నిజంగానే ఇంకేమనాలో ఆవిడకి తోచలేదు. జనమే ఘొల్లుమన్నారు.

అతను అలిగి అక్కగారింటికి వెళ్ళిపోయాడు. తొమ్మిది రోజులుండి తిరిగొచ్చాడు. అక్కగారు తమ్ముడంటే ప్రాణం పెట్టే మనిషే గానీ, రోజూ నీళ్ళు మోయించిందట. వచ్చి ఏమీ ఎరగనట్టు మంచం ఎక్కాడు. మారాడా అంటే మారలేదు. ఇప్పుడు రిటైరయ్యానని చెప్పుకుంటున్నాడు. ఆవిడ నెలకింత అని అతని ఫోనుకి పంపిస్తుంది. అది వచ్చిన రోజున టింగుమంటుంది, అతను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని సందు చివరిదాకా నడిచొస్తాడు. ఆ నెల ఏ తారీఖున వేస్తుందో మాత్రం అడగడానికి ధైర్యం చెయ్యడు.

కూతురికి ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి బిల్లులో సగం జిప్పులమ్మ నిలబడి తన ఫోనుతో కట్టింది. మిగతా సగం వియ్యపురాలు కట్టింది, కట్టి "మా వైపే రెండు వందలు ఎక్కువ" అని నర్సుతో సహా అందరికీ చెప్పింది. పిల్ల ముక్కు ఎవరిదన్న దాని మీద కొత్త తగాదా మొదలైంది.

వానాకాలం ముందర సామాన్ల గది పక్కన ఒక షట్టరు ఖాళీ అయింది. జిప్పులమ్మ అడ్వాన్సు కట్టి, తోలు కుట్టే మిషను ఒకటి బేరమాడింది. వియ్యపురాలు గుమ్మంలో చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడింది.

"ఇంత బస్టాండులో నా పక్కనే దొరికిందా వదినా నీకు?"

"నీ గదిలో సూట్‌కేసులు ఎలా విసిరేస్తావో తెలుసు కదా వదినా. నాకు బేరాలకి కొదవుండదు."

"ఆ... వచ్చావులే పెద్ద! ఆ మిషను కాలు అటు పట్టుకో, నువ్వొక్కదానివే లేపలేవు" అని వియ్యపురాలు చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని వంగింది.