వీపు మీది డేగ

మా ఆయన పనిచేసిన నేవీ విమానాల స్క్వాడ్రన్ చరిత్రను మంచి అట్ట వేసి అచ్చొత్తించి, ఎనభైల్లో ఒక ప్రతి మా ఇంటికి పంపారు. నున్నటి కాగితం, రంగుల ఫొటోలు. స్క్వాడ్రన్ ఇంగ్లండులో ఎలా మొదలైందో, ఒంటి సీటు జెట్ విమానాలు ఎలా వచ్చాయో, పెద్ద ఓడ మీద నుంచి మొదట ఎవరు ఎగిరారో, యుద్ధంలో ఎవరికి ఏ పతకం దక్కిందో అన్నీ రాశారు. స్క్వాడ్రన్ గుర్తుకు ఒక పేజీ మొత్తం ఇచ్చారు. కింద మూడు అలలు, పైన రెక్కలు ముడిచి దూకుతున్న డేగ, దాని కాళ్లలో బాణం. ఆ డేగను ఏ ఆఫీసరు గీశాడో, ఆ నీలమే ఎందుకు ఎంచుకున్నారో కూడా ఉంది. మెకానిక్కుల వీపుల మీద ఆ డేగను కుట్టింది ఎవరో మాత్రం ఒక్క ముక్క లేదు. అట్ట నుంచి అట్ట దాకా వెతికాను. ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. మళ్లీ రాశాను. దానికీ రాలేదు. అందుకని ఇది రాస్తున్నాను.

మాది కాశిబుగ్గ. అత్తమ్మ మగ్గం మీద జంపకానాలు నేసేది. మామయ్య పోయాక ఇల్లు ఆ మగ్గం మీదే నడిచింది. మా ఆయన కూడా బడి చదువు అయ్యేదాకా ఆ మగ్గం గుంటలో కూర్చుని నేసినవాడే. తర్వాత నేవీలో చేరి జెట్ విమానాల మెకానిక్ అయ్యాడు. తీరం ఊళ్లలో కాపురాలకు ఇళ్లు దొరికినవాళ్లకు దొరికాయి. మాకు దొరకలేదు. ఎందుకు దొరకలేదో నాకు తెలుసు, ఎవరి వల్లనో కూడా తెలుసు. పేర్లు రాయకూడదనుకున్నాను కాబట్టి రాయడం లేదు.

ఓడ మీద విమానాల మోతకు మనిషి మాట మనిషికి వినిపించదట. అందుకని మెకానిక్కులు నూనె పనికి వేసుకునే డాంగ్రీ వీపు మీద స్క్వాడ్రన్ బొమ్మ పెద్దదిగా కుట్టించుకునేవారు. వెనక నుంచి చూసినా ఎవరు ఏ స్క్వాడ్రన్ వాళ్లో తెలిసేందుకు. పైలట్ల బ్యాడ్జీలు స్టోర్ నుంచి వచ్చేవి. మెకానిక్కులకు అదీ లేదు. ఎవరి ఇంటివాళ్లు కుట్టి ఇస్తే అది.

ఆయన పల్చటి కాగితం మీద బొమ్మ గీసి పంపాడు. నేను హనుమకొండలో చర్చి టీచరమ్మ దగ్గర కుట్టుపని నేర్చుకున్నదాన్ని. ఆమె పద్ధతి ఏమిటంటే, గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, కాగితాన్ని గుడ్డ మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన నీలిమందును దూదితో రుద్దాలి. చిల్లుల్లోంచి నీలం దిగి గుడ్డ మీద బొమ్మ చుక్కలు చుక్కలుగా పడుతుంది. అలాంటి పల్చటి కాగితం రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. కాగితం పరిచింది అత్తమ్మ. నేను రుద్దాను, కుట్టాను. పరిచింది మాత్రం అత్తమ్మే.

డెబ్బై ఒకటి దసరాకు ఆయన సెలవు మీద వచ్చాడు. కాళ్లు కడుక్కుని లోపలికి రాగానే అన్నాడు:

"నీ డేగ ఉల్టా ఉన్నదే. అందరిది కుడికి దుంకుతది, నాది ఎడమకు. 'పారిపోయే డేగ' అని ఓడంత నవ్విన్రు."

"ఎవలు నవ్విన్రు?"

"అందరు."

"అందరంటే? పేర్లు జెప్పు."

చెప్పలేదు. ఈనాటికీ చెప్పలేదు.

"విమానం ముక్కుకు రెండు పక్కల బొమ్మ ఉంటదంటివి గద," అన్నాను. "రెండు డేగలు ఎటు జూత్తయి?"

"ముందుకే జూత్తయి."

"అంటే ఒక పక్కది కుడికి, ఇంకో పక్కది ఎడమకు. నాది ఎడమ పక్కది. పో, పోయి వాళ్లకు జెప్పు."

ఆయన నవ్వి, "జెప్తలే. మంచిదే అయింది. ఓడ మొత్తంల గసొంటిది ఒక్కటే. ఎంత దూరంకెల్లి జూసినా నేనే అని ఎరుకైతది" అన్నాడు. అత్తమ్మ మగ్గం దగ్గర నుంచి తల ఎత్తకుండా, "కాయితం మంచిగనే పరిచిన, రుద్దుడే ఉల్టా రుద్దింది" అంది. కాగితాన్ని ఉల్టా రుద్దడం ఎలాగో ఆమె ఎప్పుడూ వివరించలేదు.

ఆ సెలవులోనే ఆయన ఓడ మీద పని గురించి చెప్పాడు. చెప్పకుండా ఉంటే బాగుండేది. విమానం గాలిని లోపలికి పీల్చేటప్పుడు ముందుకు పోతే మనిషినీ లాక్కుంటుందట. వెనక్కి పోతే కాలుస్తుందట. తిరిగి దిగే విమానాన్ని డెక్ మీద అడ్డంగా కట్టిన ఇనుప తాడు పట్టి ఆపుతుందట. ఆ తాడు తెగితే దాని ముందున్నవాడి కాళ్లు ఉండవట. ఇవన్నీ ఆయన జొన్నరొట్టె తింటూ చెప్పాడు. ఇంకొకటి కూడా చెప్పాడు. ఒక్కో దాడి నుంచి విమానం తిరిగి రాగానే మెకానిక్కులు పైలట్ కూర్చునే చోటుకు కింద చిన్న బాంబు బొమ్మ వేస్తారు. "మా విమానాలకు ఇంకా ఒక్కటి గూడ లేదు, కోరగ ఉన్నయి" అన్నాడు. సెలవు పూర్తి కాకముందే వెంటనే రమ్మని తార్ వచ్చింది. ఆయన వెళ్లిపోయాడు.

యుద్ధం మొదలైన రెండో రోజో మూడో రోజో, మా వీధి మలుపులో చాయ్ హోటల్ నడిపే అతను, నాతో వస్తున్న అత్తమ్మను పిలిచి, "అవ్వా, నీ కొడుకు ఉన్నది ఇమానాలుండే ఓడ మీదనే గద? ముంచినమని అటోళ్ల రేడియోల చెప్పిన్రట" అన్నాడు. అటువైపు వాళ్లు అలాగే చెబుతారు, అబద్ధం కావచ్చు అని ఒక్కరూ అనలేదు. చాయ్ తాగుతున్నవాళ్లు గ్లాసులు కింద పెట్టకుండా మావైపు చూశారు. అత్తమ్మ ఇంటికి వచ్చి మగ్గం ముందు కూర్చుంది. పోగు వేసే నాడె చేతిలో పట్టుకుంది కానీ వేయలేదు. మా ఇంట్లో పొద్దంతా మగ్గం చప్పుడు ఉండేది. ఆ చప్పుడు ఆగిన తర్వాత ఇల్లు ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్న చప్పుడు కూడా వాకిట్లోకి వినిపించింది.

నేను సముద్రాన్ని చూడలేదు. చూసి ఉంటే దానికి ఒక కొస, ఒక లోతు అనుకోగలిగేదాన్నేమో. కళ్లు మూసుకుంటే వడ్డేపల్లి చెరువు కనిపించేది. అందులో ఆయన మునిగేవాడు, నీళ్లు మళ్లీ నున్నగా కలిసిపోయేవి.

సుబేదారిలో సిపాయిల కుటుంబాల పని చూసే ఆఫీసు ఒకటి ఉందంటే అత్తమ్మను తీసుకుని రిక్షాలో వెళ్లాను. గుమాస్తా తల ఎత్తకుండానే మాట్లాడాడు.

"మీ ఆయన ఏడ పనిజేత్తడు?"

"నేవీల సార్. విమానాలుండే ఓడ మీద."

"వంటోడా?"

"మెకానిక్."

"మాకాడ నేల మీది సిపాయిల లెక్కలే ఉంటయమ్మా. వరంగల్‌కు సముద్రం ఏడున్నది? ఏమన్న అయితే తార్ ఇంటికే వస్తది. రాలేదంటే మంచిగున్నట్టు."

"ఓడ మునిగిందంటాండ్రు సార్."

"అన్నోళ్లనే అడుగుపో."

ఆ 'వంటోడా' అన్న మాట, 'అడుగుపో' అన్న మాట నా చెవుల్లో అలాగే ఉన్నాయి. చాలా ఏళ్ల తర్వాత ఆ గుమాస్తా వర్ధన్నపేట బస్సులో కనిపించాడు. నా పక్క సీటు ఖాళీగా ఉంది, సీటు మీద నా సంచి ఉంది. నేను సంచి తీయలేదు. ఆయన నిలబడే వచ్చాడు.

అప్పుడు మాత్రం నాకు ఇంకో దారి లేదు. రోజూ వెళ్లాను. వాకిట్లో తార్ మనిషి సైకిల్ గంట వినపడే ఇంట్లో కూర్చోవడం కంటే తిట్టే ఆఫీసులో కూర్చోవడం నయం. సైకిల్ గంట ఎవరిదైనా సరే, చేటలో బియ్యం అక్కడే వదిలేసి గడప దాకా వెళ్లేదాన్ని.

అలా వెళ్లిన ఒక రోజు గుమాస్తా బల్ల మీద పేపరు పరుచుకుని అన్నం తింటున్నాడు. టిఫిన్ గిన్నె అంచు కింద విమానం రెక్క కనిపించింది.

"సార్, జర ఆ గిన్నె జరుపుండ్రి."

"తింటాన, కనవడ్తలేదా?"

"జర జరుపుండ్రి."

జరపలేదు. నేనే జరిపాను. ఓడ మీద జెట్ విమానం, దాని ముక్కు పక్కన డేగ. నలుగురు మనుషులు విమానాన్ని తోస్తున్నారు. ముగ్గురి వీపుల మీద డేగ కుడికి దూకుతోంది. నాలుగో వీపు మీద ఎడమకు. ఫొటో తిరగేసి అచ్చువేశారా అనుకుని విమానం నంబరు చూశాను. నంబరు సరిగ్గానే ఉంది. ఎడమకు దూకే డేగ లోకంలో ఒక్కటే ఉంది, దాన్ని నేను కుట్టాను.

"ఈయనే సార్! మా ఆయన!"

గుమాస్తా చెయ్యి నాకుతూ వంగి చూశాడు. "మొఖం లేదు గదమ్మా. వీపు జూసి మొగన్ని గుర్తుపడ్తానవా? అయినా గిది ఎన్నటి ఫొటోనో. లడాయికి ముందటిదేమో."

పేజీని దగ్గరకు లాక్కున్నాను. ముందటిది అయితే ఏమి లాభం? అప్పుడు పైలట్ కూర్చునే చోటు కింద చూశాను. చిన్న చిన్న గుర్తులు వరుసగా ఉన్నాయి. దసరాకు ఒక్క గుర్తూ లేక కోరగా ఉన్న విమానం మీద బాంబు బొమ్మలు. దాడులు చేసి వచ్చాక తీసిన ఫొటో అది. ఆ సంగతి గుమాస్తాకు చెప్పాను. "ఆఫీసర్ సార్ ఇంకా సదవలే, పేపర్ ఈయను" అన్నాడు. అదీ ఆయన జవాబు. నేను ఆ పేజీని మడిచి కొంగులో పెట్టుకుని వచ్చేశాను. పప్పు మరక ఇప్పటికీ దాని మీద ఉంది.

ఇంటికి రాగానే అత్తమ్మకు చూపించాను. ఆమె పేపరును వాకిట్లో వెలుతురుకు పట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది. "ఆఁ, మనోడే" అని నా చేతికి ఇచ్చేసింది. అంతే. సంతోషం లేదు, ఏడుపు లేదు. ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆ ఫొటో వైపు చూడలేదు. నేను గోడకు అంటించి, దాని ఎదురుగా కూర్చుని అన్నం తినేదాన్ని. ఆమె గోడకు వీపు తిప్పి కూర్చునేది. నా కుట్టును గెలిపించిన ఫొటో కదా, చూడడానికి ఆమెకు మనసు ఒప్పడం లేదు అనుకున్నాను. మనసులో బాగా పెట్టుకున్నాను.

యుద్ధం అయిపోయింది. ఊళ్లో మిఠాయిలు పంచారు. మాకు ఉత్తరం రాలేదు. ఓడ మునగలేదని పేపర్లో వచ్చింది కానీ ఓడ ఉన్నంత మాత్రాన మనిషి ఉన్నట్టు కాదని ఆయనే చెప్పిపోయాడు కదా. ఇనుప తాడు, ముందు గాలి, వెనక మంట. భయం పొడుచుకు వచ్చినప్పుడల్లా వెళ్లి గోడ మీది వీపును చూసేదాన్ని. బలంగా విమానాన్ని తోస్తున్న వీపు. అది చూస్తే ఒక పూట గడిచేది.

చలి తగ్గుతున్న రోజుల్లో, మధ్యాహ్నం, ఆయన వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. కుడి చేతికి మోచేతి దాకా కట్టు. నేను గడప దగ్గరే ఆగి అత్తమ్మను కేకేశాను. అత్తమ్మ మగ్గం గుంటలోంచి లేచి వచ్చింది. మొహం చూడలేదు, కట్టు గురించి అడగలేదు.

"జర అటు దిరుగు బిడ్డా," అంది.

"ఏందవ్వా?"

"తిరుగుమన్ననా లేదా?"

ఆయన నవ్వుతూ తిరిగాడు. ఆమె రెండు చేతులూ ఆయన వీపు మీద పెట్టి, చొక్కా మీద నుంచే మెడ నుంచి నడుము దాకా తడిమింది. అప్పుడు ఏడ్చింది.

నేను గోడ మీది పేజీ ఊడదీసి తెచ్చాను. "నీ ఉత్తరం లేకపోతే ఏమాయె, నువ్వు మాకు కనవడ్డవు. పారిపోయే డేగనే నిన్ను చూపెట్టింది" అన్నాను. ఎన్ని రోజులుగానో దాచుకున్న మాట అది.

ఆయన పేజీ చూసి, "ఇది నేను గాదు" అన్నాడు.

మొదటి దాడి రోజే వేడి గొట్టానికి చెయ్యి కాలి ఆయన ఓడ అడుగున దవాఖానలో పడ్డాడట. ఉత్తరం రాయడానికి చెయ్యి లేదు, రాసిపెట్టడానికి ఎవరికీ తీరిక లేదు. కేరళ దోస్తు ఒకడి డాంగ్రీలన్నీ నూనెలో తడిసిపోతే ఈయనది తొడుక్కుని పనిచేశాడట. ఆ వీపు అతనిది.

ఆయన నా ఎదురుగా బతికి నిలబడి ఉండగానే నాకు కొత్తగా భయం పట్టుకుంది. అన్ని రోజులూ నేను పట్టుకుని వేలాడింది ఒక పరాయి మనిషి వీపును. ఆయన ఆ దవాఖానలోనే పోయి ఉంటే కూడా నేను అలాగే గోడ ఎదురుగా కూర్చుని అన్నం తినేదాన్ని.

అత్తమ్మ వైపు చూశాను. ఆమె పేజీ వైపు చూడడం లేదు.

"నీకు ఎరికేనా?" అని అడిగాను.

"వాని వీపు తోమి పెంచినదాన్ని. మగ్గం గుంటల కూసోని కూసోని వాని ఎడమ బుజం జర కిందికి ఉంటది. ఆ ఫొటోలున్నోనికి లేదు."

"మరి నాకెందుకు జెప్పలే?"

"అది జూసుకుంట నువ్వు బువ్వ తింటాంటివి గద, పిల్లా."

పాత జెట్లు పోయి కొత్తవి వచ్చాయి, డేగ మాత్రం అదే. ఆయన రిటైరైనప్పుడు చెక్క మీద చెక్కిన డేగను ఇచ్చి పంపారు, సరిగ్గా కుడికి దూకేదాన్ని. అది మా గోడ మీద ఉంది. నేను కుట్టింది పెట్టెలో ఉంది. ఆయన బజారుకు బయలుదేరితే వాకిట్లో నిలబడి ఎడమ భుజం చూస్తాను, చాయ్ హోటల్ మలుపు తిరిగేదాకా. అత్తమ్మ ఇప్పుడు లేదు. కాగితం ఉల్టా పరిచిందని ఆమె చివరిదాకా ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. ఆ చలికాలమంతా భయం మొత్తం ఒక్కతే మోసి, నాకు సగం కూడా ఇవ్వలేదు. అందుకు మాత్రం ఆమె మీద నాకు ఇంకా కోపమే.