రెండో వైపు మూడో పాట

దయ్యాల కబుర్లు మొదలైతే నేను లేచి బయటికి వెళ్ళి సిగరెట్ కాల్చుకునే రకం. ఖతర్‌లో తొమ్మిదేళ్ళు ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టోర్‌కీపర్‌గా చేశాను. కంటికి కనిపించి చేతికి అందిందే నాకు వస్తువు. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. జరిగింది మాత్రం జరిగినట్టు చెబుతాను.

తొంభైల చివరి సంగతి. మా సైటు దోహా శివార్లలోని ముఐథర్‌లో ఉండేది. ఉద్యోగం మానేసి వెళ్ళిపోతూ ఒక ఇంగ్లీషు ఇంజనీరు తన కారులోని క్యాసెట్లన్నీ నాకిచ్చాడు. వాటిలో ఒకటి వాళ్ళ దేశపు గాయని ఆల్బమ్. పాటలు ఆమే రాసుకుని ఆమే పాడిందట. ఆ రకం సంగీతాన్ని ట్రిప్-హాప్ అంటారని కూడా ఆయనే చెప్పాడు. నెమ్మదిగా కొట్టే డ్రమ్ము, పాత గ్రామఫోన్ రికార్డులో వచ్చే చిటపటలు, వాటి మీద నాలుగు రోజులుగా నిద్రలేని మనిషిలా ఆమె గొంతు. మాటలు సగం అర్థమయ్యేవి కావు. అయినా మధ్యాహ్నం భోజనాల వేళ స్టోర్‌లో ఒక్కణ్ణే కూర్చుని వాక్‌మన్‌లో అదే వినేవాణ్ణి. ఇంటి మీద బెంగ పెట్టుకోవడానికి అంతకన్నా మంచి పాటలు నాకు దొరకలేదు.

నర్సయ్య మా రూములో ఉండే మేస్త్రీ. జగిత్యాల దగ్గరి పల్లె. నాకన్నా పదేళ్ళు పెద్ద. చదువు రాదు. అప్పట్లో క్యాంపులో చదువు రానివాళ్ళు ఉత్తరాలకు బదులు క్యాసెట్లో మాట్లాడి, సెలవు మీద ఊరికి వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపేవారు. అందరూ గబగబా చెప్పాల్సింది చెప్పేసేవారు. నర్సయ్య అలా కాదు. "లచ్చవ్వా, మంచిగున్నవా?" అని భార్యను అడిగి, ఆమె ఎదురుగా కూర్చుని జవాబు చెబుతున్నట్టు కాసేపు ఊరుకునేవాడు. తర్వాత "ఊఁ" అని ఇంకో మాట ఎత్తుకునేవాడు. టేపు దండగ చేస్తున్నావని మేం ఆటపట్టించేవాళ్ళం. అక్కడ లచ్చవ్వ ఆ ఖాళీల్లో నిజంగానే జవాబు చెబుతుందని అనేవాడు.

ఒక బుధవారం సాయంత్రం, నర్సయ్య పక్క ఊరివాడొకడు సెలవుకు వెళ్ళే టికెట్ ముందుకు జరిగిందని తెలిసింది. మర్నాడు తెల్లవారే ప్రయాణం. నర్సయ్య దగ్గర ఖాళీ క్యాసెట్ లేదు. శుక్రవారం కంపెనీ బస్సు ముషైరిబ్ బజారుకు తీసుకెళ్తే తప్ప కొనుక్కునే వీల్లేదు. అప్పటికి మూడు నెలలుగా అతని కబురు ఇంటికి చేరలేదు. నీ పెనిమిటి దుబాయ్‌లో ఇంకోదాన్ని పెట్టుకున్నాడని ఊళ్ళో ఎవరో లచ్చవ్వ చెవిన వేశారు. గల్ఫ్‌లో ఏ దేశమైనా ఊళ్ళోవాళ్ళకు దుబాయే. అది విన్నప్పటి నుంచి ఆమె సరిగ్గా తినడం లేదట. తన గొంతు ఒక్కసారి వింటే ఆమె కుదుటపడుతుందని అతని నమ్మకం.

"తమ్మీ, గా తెల్లామె క్యాసెట్ ఇయ్యి. మూలలకు ప్లాస్టర్ అతికిస్తే దాని మీద రికార్డయితది" అన్నాడు.

పాటల క్యాసెట్లకు పైన రెండు మూలల్లో చిన్న గుంటలుంటాయి. అవి మూస్తే తప్ప వాటి మీద రికార్డు కాదు. క్యాంపులో అందరూ చేసే పనే అది. నేను ఇవ్వనన్నాను. శుక్రవారం కొత్తది కొనుక్కోమన్నాను. సరేనని వెళ్ళి పడుకున్నాడు. పాటలు పోతాయని ఇవ్వలేదు. ఇంకే కారణమూ లేదు.

గురువారం మధ్యాహ్నం సైటులో నీడకు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. గుండె ఆగిందని ఆసుపత్రిలో చెప్పారు. శవం ఊరు చేరడానికి మూడు వారాలు పట్టింది.

అన్ని రోజులూ ఆ క్యాసెట్ ముట్టుకోలేదు. శవాన్ని పంపిన మర్నాడు, భోజనం వేళ, వాక్‌మన్‌లో పెట్టాను. రెండో వైపు మూడో పాటలో గాయని పాడడం ఆపాక చాలాసేపు ఉత్త డ్రమ్మే ఉంటుంది. అక్కడ నర్సయ్య మాట్లాడాడు.

"లచ్చవ్వా, మంచిగున్నవా?"

ఆ తర్వాత ఖాళీ. ఖాళీలో డ్రమ్ము.

"ఊఁ. ఎవలేం జెప్పినా నమ్మకు. నువ్వు గాక నాకెవలున్నరు?"

మళ్ళీ ఖాళీ. మళ్ళీ "ఊఁ". తర్వాత గాయని పాట అందుకుంది.

క్యాసెట్ బయటికి తీసి చూశాను. గుంటలు తెరిచే ఉన్నాయి. జిగురు మరక కూడా లేదు. ఆ బుధవారం నుంచి అది స్టోర్‌లో నా సొరుగులో తాళం వేసి ఉంది. తాళంచెవి నా మొలతాడుకే ఉంటుంది. నా వాక్‌మన్‌లో రికార్డు చేసే సౌకర్యమే లేదు. చెవులు మోసం చేశాయేమోనని, మా రూములోని కేరళ ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, ఏమీ చెప్పకుండా హెడ్‌ఫోన్లు పెట్టాను. అతనికి తెలుగు ముక్క రాదు. కాసేపు విని, "యే నర్సయ్య హై నా?" అన్నాడు. హెడ్‌ఫోన్లు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ వారమే రూము మార్చుకున్నాడు.

కాపీ తీయించుకోవాలన్న ఆలోచన రాలేదు. అవి నర్సయ్య లచ్చవ్వ కోసం చెప్పిన మాటలు. సెలవు మీద వెళ్ళే ఒకతని చేత క్యాసెట్ పంపాను. ఏ వైపు, ఏ పాటలో, ఏం మాట్లాడాడో అంతా ఉత్తరంలో రాశాను. చేసిన తప్పు దిద్దుకున్నానని హాయిగా నిద్రపోయాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, నిజం.

ఎనిమిది నెలల తర్వాత సెలవుకు వచ్చి వాళ్ళింటికి వెళ్ళాను. లచ్చవ్వ గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది. పక్కన టేప్‌రికార్డర్‌లో ఆ ఇంగ్లీషు ఆమె పాడుతోంది. టేపు అరిగిపోయి గొంతు సాగుతోంది. నేనెవరో చెప్పగానే లచ్చవ్వ పీట వేసింది. నా ఉత్తరం ఎవరితోనో చదివించుకుందట. ఆయన ఏ పాటలో ఉన్నాడో నన్నే చూపించమంది.

రెండో వైపు మూడో పాట పెట్టాను. డ్రమ్ము వచ్చింది, పోయింది. నర్సయ్య లేడు. వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాను. నాలుగుసార్లు పెట్టాను.

"రోజు పెడుత తమ్మీ. గామె ఏడ్సినట్టే ఉంటది గని, ఆయన మాట రాదు" అంది.

చుట్టిన బీడీని చేటలో పెట్టి, క్యాసెట్ డబ్బా తీసింది. దాని మీద గాయని బొమ్మ ఉంది. ఆ బొమ్మను నా ముందుకు జరిపింది.

"ఊరోళ్ళంత గీమెనే అంటున్నరు. ఆయన ఉంచుకున్నది గీమెనేనా?"

కాదని ఒట్టేశాను. ఆమె ఎవరో, ఆ క్యాసెట్ నాకెలా వచ్చిందో అన్నీ చెప్పాను. లచ్చవ్వ చివరిదాకా వింది.

"మరి నీతోని మాట్లాడినోడు నాతోని ఎందుకు మాట్లాడడు?" అంది.

ఇన్నేళ్ళకీ నాకది అంతుపట్టలేదు. ఆ బుధవారం నేను క్యాసెట్ ఇచ్చి ఉంటే మాత్రం ఆమెతోనే మాట్లాడేవాడు.